మూడు పేజీల్లో ఒకటే పేజీ

పై ఆఫీసుకు నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడూ రిజిస్టరు పోస్టులో పంపాను. మూడింటి రసీదులూ నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. జిల్లా సమావేశంలో లేచి అడిగితే, "మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడుదురు గాని, కూర్చోండి" అన్నారు. నా వంతు రాకుండానే సమావేశం ముగిసింది. పదవీ విరమణ రోజున రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. "సత్తిబాబు అని ఒక పేషెంటు ఉండేవాడు" అని నేను మొదలుపెట్టేసరికి, భోజనాలు చల్లారిపోతున్నాయంటూ మా డాక్టరు గారు నవ్వుతూ నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. శాలువా కప్పారు. మా ఇంటిపేరు తప్పు చదివారు. ఫొటో తీయించి పంపేశారు.

ఆ రెండు నిమిషాల్లో చెప్పాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా లేబ్ టెక్నీషియన్ ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు చదవాలని నా కోరిక. పైవాళ్లు చదివితే మరీ మంచిది. ఒక మనిషికి నేను జవాబు బాకీ ఉన్నాను. నాకు జవాబు వస్తే తప్ప ఆమెకు జవాబు చెప్పలేను.

రాజోలు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేశాను. ఊరి పేరు రాయను, ఇప్పుడక్కడ ఉన్నవాళ్లకి దీనితో సంబంధం లేదు. బదిలీలు, సీనియారిటీ గొడవలు కూడా రాయను. అవి రాయడం మొదలుపెడితే ఈ నోటుపుస్తకం చాలదు.

వంద చోట్లు

ఊళ్లో నన్ను "లేబు గారు" అనేవారు. కొందరు "రక్తం తీసే ఆయన" అనేవారు. నా అసలు పని కళ్లె పరీక్ష. దగ్గుతో వచ్చినవాళ్ల కళ్లెను గాజు పలక మీద పలచగా పూసి, ఎర్ర రంగు పోసి, వేడిచేసి, ఆమ్లంతో కడిగి, ఆపైన నీలం రంగు వేస్తే, టీబీ క్రిములు మాత్రం ఎర్రని సన్నని పుల్లల్లా మిగులుతాయి. మిగతాదంతా నీలంగా ఉంటుంది. వినడానికి ఇంతే. రోజుకు ఇరవై పలకలు చూస్తే సాయంత్రానికి గోడ మీద కూడా నీలం కనబడేది.

అమలాపురంలో నాకు పని నేర్పిన పెద్దాయన మాటకారి కాదు. పొగడడం అసలే తెలియదు. మైక్రోస్కోపులో కనబడే గుండ్రటి చోటును ఫీల్డు అంటాం. పలకను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫీల్డూ చూడాలి. మొదటి వారంలోనే ఆయన నాతో అన్నారు.

"ఉందని చెప్పడానికి కనబడితే చాలు. లేదని చెప్పాలంటే మాత్రం వంద చూడాలి. ఎన్ని చూసేవు?"

"అరవై ఉంటాయండీ."

"అరవై చూసి లేదంటే, అది నీ కోరిక. రిపోర్టు కాదు. మళ్లీ చూడు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. అందరిముందూ అన్నారని చాలా కాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు. కాని నా ఉద్యోగం మొత్తంలో నాకు ఎవరైనా నిజంగా నేర్పింది ఏదైనా ఉంటే, ఆ మాటే.

నేర్చుకున్నానని చెప్పను. తొంభైల మధ్యలో సఖినేటిపల్లి రేవులో నరసింహులు అనే మనిషి పంటు మీద పనిచేసేవాడు. పంటు అంటే మనుషుల్నీ బళ్లనూ గోదావరి దాటించే పెద్ద పడవ. నేను నర్సాపురం వెళ్లినప్పుడల్లా నా సైకిలు నీళ్లు పడని చోట పెట్టి, నాకు నీడ చూపించేవాడు. ఆఫీసులో ఎవరూ కుర్చీ వెయ్యని నాకు, ఆ పంటు మీద మర్యాద ఉండేది. అతను దగ్గుతో వచ్చాడు. అతనికి ఆ జబ్బు ఉండకూడదని నేను కోరుకున్నాను. నలభై ఫీల్డులు చూసి, ఏమీ కనబడక, హమ్మయ్య అనుకుని లేదని రాసేశాను. ఇష్టంలేని వాళ్ల పలకలు మాత్రం వంద దాటి చూసేవాణ్ణి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలల తర్వాత నరసింహులు రక్తం కక్కుతూ వచ్చాడు. ఈసారి మొదటి ఫీల్డులోనే కనబడ్డాయి. మందులు మింగి బతికాడు గాని, తాడు లాగే బలం పోయింది, రేవులో చిల్లర కొట్టు పెట్టుకున్నాడు. "పోన్లెండి లేబు గారూ, అప్పుడు లేదు గావోసు, తర్వాత పట్టుకుంది" అనేవాడు. నేను అవునన్నాను.

అడిగినదానికే జవాబు

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో రాజోలు సెంటర్లో రాంబాబు అనే అతను ఇంటర్నెట్ కొట్టు పెట్టాడు. మస్కట్‌లో నాలుగేళ్లు చేసి వచ్చినవాడు. ప్లైవుడ్ అరలు, ఒక్కో అరలో ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే సరంజామా. గల్ఫ్‌లో ఉన్న భర్తలతో మాట్లాడడానికి ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. కొన్నాళ్లకు జబ్బుల గురించి అడగడానికి కూడా రావడం మొదలుపెట్టారు.

వాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు తక్కువ. మనిషి తెలుగులో చెబితే రాంబాబు ఇంగ్లీషు చేసి కొట్టేవాడు. వచ్చినదాన్ని తెలుగులో చెప్పేవాడు. నచ్చిన పేజీ ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఆ కాగితాన్ని పాస్‌పోర్టు జిరాక్సులు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని మా దగ్గరికి వచ్చేవారు. మేము రాసిన చీటీని మాత్రం జేబులో నలిపి పెట్టుకునేవారు.

మా లేబ్‌కి ఇలాంటి కాగితాలు వరసగా రావడంతో ఒక ఆదివారం నేనే వెళ్లి చూశాను. ఒకావిడ షుగరుకు వేపాకు గురించి అడుగుతోంది.

"ఏం కొట్టమంటారండీ?" అన్నాడు రాంబాబు.

"వేపాకు తింటే షుగరు పోద్దని కొట్టు బాబూ."

అతను అదే కొట్టాడు. పోతుందని చెప్పేవే వరసగా వచ్చాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఒక పేజీ ప్రింటు తీయించుకుని కళ్లకద్దుకుని వెళ్లింది.

ఆవిడ వెళ్లాక నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రాంబాబూ, షుగరున్నవాళ్లకి కొబ్బరినీళ్లు మంచివని కొట్టు."

కొట్టాడు. మంచివన్న పేజీలు బోలెడు.

"ఇప్పుడు చెడ్డవని కొట్టు."

చెడ్డవన్న పేజీలు కూడా బోలెడు. రాంబాబు పెద్దగా నవ్వాడు. "బలేగుందండీ ఇది. మా మావగారిలాగా ఎవరేవంటే దానికి తలాడించేస్తంది."

"నవ్వుతావేంటి? ఆవిడ ఇప్పుడు మాత్రలు మానేస్తుంది."

"నేనేం జేస్తానండీ? అడిగిందే కొడతాను. అడగనిది కొడితే, నీ వేలెందుకు పెట్టేవని తిడతారు. మొన్నొకాయనకి రెండో పేజీ కూడా తీసిస్తే, అది నేనడగలేదని మొహాన కొట్టేసేడు."

ఆ మాటలో అబద్ధం లేదు. తప్పంతా అతనిదేనని మా డాక్టరు గారు తర్వాత తేల్చేశారు గాని, నేను ఒప్పుకోలేదు.

అంతకుముందు మాత్రం జనం విన్నవన్నీ నమ్మలేదా అంటే, నమ్మారు. కాని అప్పుడు పక్కన ఇంకొకడు ఉండేవాడు. టీకొట్టులో ఒకడు కామెర్లకు పసరు మంచిదంటే, "ఆ పసరు తాగే మా బావ పోయేడు" అనేవాడు ఇంకొకడు. గొడవపడేవారు. ఆ గొడవలో మనిషికి అనుమానం పుట్టి, చివరకు ఆసుపత్రికి వచ్చేవాడు. ప్లైవుడ్ అరలో కూర్చున్నవాడికి కాదనేవాడు ఎవరూ లేరు. వాడి ప్రశ్నలోనే వాడికి కావలసిన జవాబు ఉంటుంది. అది తిరిగి వాడికే వస్తుంది, ఇంగ్లీషులో, అచ్చులో. దాంతో అది పెద్దవాళ్లు చెప్పిన మాట అయిపోతుంది.

జబ్బు లేదని వినాలనుకునేవాళ్లే ఇలా చేస్తారనుకోకండి. మండలాఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. కడుపులో మంట. కేన్సరు లక్షణాలు తప్ప ఇంకేమీ అడిగేవాడు కాదు. మంచిగా వచ్చిన రిపోర్టు చూపిస్తే నమ్మడు. నాలుగు చోట్ల రక్తం ఇచ్చి, నాలుగూ బాగుంటే, నాలుగు చోట్లా తప్పు చేశారన్నాడు. భయం ఉన్నవాడు భయాన్నే వెతుక్కుంటాడు, ఆశ ఉన్నవాడు ఆశను. నలభై చూసి ఆగిపోయిన నాకు వాళ్లను తప్పుపట్టే అర్హత లేదని అప్పుడు నాకు తోచలేదు.

సత్తిబాబు

సత్తిబాబు మా ఊరి పక్క ఊరివాడు. మస్కట్‌లో రాళ్లు పిండిచేసే క్రషరు దగ్గర లారీ నడిపాడు. కాంట్రాక్టు అయిపోయి ఇంటికి వచ్చాడు. కువైట్‌కు కొత్త వీసా దొరికింది. వచ్చే నెలలో మెడికల్. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అన్‌ఫిట్ అని రాసేస్తారు, వీసా పోతుంది. అతనికి భార్య మంగతాయారు, ఇద్దరు పిల్లలు. మూడు వారాల దగ్గుతో నా దగ్గరికి వచ్చాడు. దూరపు చుట్టరికంతో నన్ను బాబాయ్ గారూ అనేవాడు.

మూడు డబ్బాల్లో కళ్లె తీసుకున్నాను. మూడింటిలోనూ ఎర్ర పుల్లలు ఉన్నాయి.

"ఇంకోసారి చూడండి బాబాయ్ గారూ. డబ్బాలు మారిపోయేయేమో."

"మూడూ మారిపోతాయా? ఆర్నెల్లు మందులు మింగు, పోద్ది. మన దగ్గరే ఉన్నాయి, ఊరికే ఇస్తారు."

"ఆర్నెల్లా! మెడికల్ వచ్చే నెలలోనండీ."

"మెడికల్ మళ్లీ వస్తుంది."

"ఆయ్" అన్నాడు, మా వైపు మర్యాదగా సరేననే మాట. తలుపు దాటి వెళ్లిపోయాడు.

అప్పట్లో ఒక్కో రోగికి ఒక్కో మందుల పెట్టె వచ్చేది. మా ఎదురుగానే మింగించేవాళ్లం. పెట్టె మీద అతని పేరు నేనే రాసి బీరువాలో పెట్టాను. అతను రాలేదు. రెండు వారాల తర్వాత ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు లేబ్ ముందు పదిమంది ఉన్నారు.

"చదవండి బాబాయ్ గారూ. క్రషర్లో పన్జేసినోళ్లకి రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటదంట. దగ్గు, నీరసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ. అన్నీ నాయేనండీ. నాకున్నది దుమ్ము."

"మరి నా మైక్రోస్కోపులో కనపడ్డవేంటి? అవీ దుమ్మేనా?"

"కుళాయి నీళ్లలో ఉండే క్రిములు కూడా అలా ఎర్రగానే కనపడతాయంట కదండీ. రాంబాబు దగ్గర అదీ చూసేను. మీరు మంచి నీళ్లతోనే కడిగేరా అని..."

నా నీళ్లను అనుమానించాడు. తూర్పు కిటికీ దగ్గరకు బల్ల జరిపించమని ఏళ్ల తరబడి అడిగి, ఎవరూ జరిపించక, కరెంటు పోయినప్పుడల్లా మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పుకుంటూ చూసిన పలకలు అవి. రంగు మరకలు నా గోళ్లకు ఆదివారం కూడా వదిలేవి కావు. అందరిముందూ ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇన్నేళ్లనుంచి చూస్తున్నాను, దుమ్మేదో పురుగేదో తెలీదంట్రా నాకు? లారీ తోలడం నేను నేర్పేనా నీకు? ఆ కాయితం తీసికెళ్లి పకోడీలు పొట్లం కట్టుకో."

జనం నవ్వారు. సత్తిబాబు ఎర్రబడ్డాడు. కాగితాన్ని మెల్లగా మడిచి కవర్లో పెట్టుకున్నాడు.

"మీరు చదవలేదండీ" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

డాక్టరు గారితో చెప్పాను. మీరు పిలిపించి మాట్లాడితే వింటాడన్నాను. ఆయన తల ఎత్తలేదు. "పేషెంటు నిరాకరించేడని రిజిస్టర్లో రాయండి. మీ పని మైక్రోస్కోపు వరకే. ఆ తర్వాతది మాకు వదిలెయ్యండి" అన్నారు. నేను రాశాను. వదిలేశాను. మా హెల్త్ అసిస్టెంటు రెండుసార్లు ఇంటికి వెళితే ఊళ్లో లేడని చెప్పించాడు.

నెల తర్వాత తాటిపాకలో ఎదురయ్యాడు. మొహం కొంచెం నిండింది. కొబ్బరిబోండం తాగుతున్నాడు.

"చూసేరా బాబాయ్ గారూ! దగ్గు తగ్గిపోయింది, ఆకలేస్తంది. మందులషాపులో ఎలర్జీ మాత్రలు అడిగి తెచ్చుకున్నాను. టీబీ అయితే ఎలర్జీ మాత్రలకి తగ్గుద్దా చెప్పండి?"

చీటీ లేకుండా తెచ్చుకునే అలాంటి తెల్ల మాత్రలు నాకు తెలుసు, అవి స్టీరాయిడ్లు. దగ్గును నొక్కేస్తాయి, ఆకలి పుట్టిస్తాయి, లోపల జబ్బుకు తలుపులు తెరుస్తాయి. అది చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. పకోడీల పొట్లం మాట నేనే అన్నా, నీళ్ల మాట అతనన్నాడని నా మనసులో ఉంది. నేను జవాబు చెప్పకుండా సైకిలు ఎక్కాను. వెనకనుంచి నవ్వుతూ అన్నాడు. "కోపమాండీ? కువైట్ నించి మంచి టార్చిలైటు తెస్తాన్లెండి."

మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాశారు. దాంతోనైనా తెలుసుకోవాలి. తెలుసుకోలేదు. ఈసారి రాంబాబుతో, మెడికల్ వాళ్లు తప్పుగా అన్‌ఫిట్ రాస్తారా అని కొట్టించాడట. రాస్తారని చెప్పేవాళ్లు దేశదేశాల్లోనూ దొరికారు. ఏజెంటు ఇంకోచోట ఇంకో మెడికల్‌కు పంపాడు. అలా నెలలు గడిచాయి. వానాకాలంలో రక్తం పడింది. కాకినాడ తీసుకెళ్లారు. పదకొండు రోజులు ఉన్నాడు. శవాన్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు వర్షం పడుతూనే ఉంది. నేను వెళ్లాను, గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను.

బీరువాలో అతని పేరున్న పెట్టె సీలు తియ్యకుండా అలాగే ఉంది. కొన్నాళ్లకు దాన్ని తిరిగి పంపించమన్నారు. పంపించాను.

మంగతాయారు

ఆ తర్వాత కొన్ని వారాలకు మంగతాయారు దగ్గుతో వచ్చింది. పిల్లలిద్దర్నీ కూడా తెచ్చింది. పిల్లలకు ఏమీ లేదని తేలింది. ఆమె పలక పెట్టుకుని కూర్చున్నాను. యాభై ఫీల్డులు అయ్యాయి, లేవు. అరవై అయ్యాయి, లేవు. చెయ్యి ఆగిపోతానంది. లేదని రాసి ఆమెకు చెబితే ఎంత బాగుండును అనిపించింది. నరసింహులు విషయంలో కూడా సరిగ్గా ఇలాగే బాగుండునని అనిపించింది. ముందుకు జరిపాను. ఎనభై దాటాక ఒకటి కనబడింది. ఆ తర్వాత ఇంకో మూడు.

ఆమె ఒక్క రోజు తప్పకుండా మందులు మింగింది. నయమైంది. ఈ మొత్తం కథలో నేను సరిగా చేసిన పని, ఆ పలకను అరవై దగ్గర ఆపకపోవడం ఒక్కటే.

మందులు ఇంకో రెండు నెలలు ఉన్నాయనగా, ఒక రోజు ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏం రాసుందో చెప్పండి బాబాయ్ గారూ. నాకు ఇంగ్లీషు రాదు. ఆయన చివరిదాకా తలగడ కింద పెట్టుకున్నారు దీన్ని."

అప్పుడు చదివాను, మొదటిసారి. రాతిదుమ్ము వల్ల వచ్చే జబ్బు గురించి ఉంది. సత్తిబాబు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. అబద్ధం ఒక్క ముక్క లేదు. పేజీ అడుగున, మూడింటిలో ఇది ఒకటి అని సన్నని అంకెలున్నాయి. వాక్యం మధ్యలో పేజీ అయిపోయింది.

సైకిలు మీద రాజోలు వెళ్లాను. రాంబాబుకు ఆ కాగితం చూపించి మిగతా రెండు పేజీలూ తియ్యమన్నాను. అతను చూడగానే గుర్తుపట్టాడు.

"సత్తిబాబుది కదండీ. మిగతాయి తియ్యనా అన్నానండీ అప్పుడు. చాలన్నాడు."

రెండో పేజీ మొదట్లోనే ఉంది. ఇది దుమ్మేనని అనుకునే ముందు కళ్లె పరీక్ష చేయించి టీబీ లేదని తేల్చుకోవాలట. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ ఇంకా తేలిగ్గా చేరుతుందట. రెండూ కలిసి ఉన్నవాళ్లకు మందులు ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందట.

రాంబాబు కూడా నా భుజం మీదుగా చదివాడు. ప్రింటుకు ఏమీ తీసుకోలేదు.

ఆ రోజు నేను చెయ్యవలసిన పని ఎంత చిన్నదో చూడండి. ఆ కాగితం తీసుకుని, చదివి, "నువ్వు చెప్పింది నిజమేరా సత్తిబాబూ, నీకు దుమ్ము కూడా ఉండుంటుంది. ఇది సగంలో ఆగిపోయింది, మిగతాది చూద్దాం పద" అంటే చాలు. టీబీ అన్న మాట నా నోట్లోంచి వస్తే అతను వినడు. అతను నమ్మిన కాగితమే చెబితే విని ఉండేవాడు. అతను మూడు పేజీల్లో ఒకటే చూశాడు. నేను ఆ ఒకటి కూడా చూడలేదు. నాకు తెలిసిందే చాలనుకున్నాను.

మంగతాయారుకు మొత్తం చదివి తెలుగులో చెప్పాను. పకోడీల మాట కూడా నేనే చెప్పాను, ఎవరో చెప్పేలోగా. ఆమె ఏడవలేదు.

"తెలుసండీ. ఇంటికొచ్చి చెప్పేరు. లేబు బాబాయ్ గారు అందర్లో తీసిపారేసేరు, ఇక అక్కడికి వెళ్లనన్నారు." కవరు తన వైపు లాక్కుని మళ్లీ అంది. "మీరు కోపంలో అన్నారు, సరే. డాక్టరు గారున్నారు, నర్సమ్మ గారున్నారు, ఇంటికొచ్చిన ఆయనున్నారు. ఇంతమందిలో ఆ కాయితం ఏంటో చూద్దామని ఒక్కరికీ ఎందుకనిపించలేదండీ? అది ఎవరి పనండీ?"

మా ఉద్యోగాల జాబితాలో అది ఎవరి పనీ కాదు.

"ఆఫీసుకి రాస్తానమ్మా. జవాబు వస్తుంది" అన్నాను.

"ఆయ్" అంది.

కొత్తగా చేరేవాళ్లకి

మీ కాలంలో ప్రతి జేబులోనూ ఒక ప్లైవుడ్ అర ఉంటుంది. రాంబాబు అవసరం కూడా ఉండదు. మీ దగ్గరికి వచ్చే ప్రతివాడూ ముందే ఏదో చదువుకుని వస్తాడు, నచ్చిందే చదువుకుని వస్తాడు. వాణ్ణి తెలివితక్కువవాడని అనకండి. చదువుకున్న డాక్టర్లు కూడా తమ ఇంట్లోవాళ్ల రిపోర్టులు ఎలా చదువుతారో నేను చూశాను. ఏం చదివావని కాదు, ఏమని అడిగావని అడగండి. అక్కడ తెలిసిపోతుంది వాడికి ఏం కావాలో, దేనికి భయపడుతున్నాడో. సత్తిబాబును ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, దగ్గు గురించి కాదు, మెడికల్ గురించి మాట్లాడేవాడు. అప్పుడు అసలు మాట మొదలయ్యేది. కాగితం తెస్తే చదవండి. అందరిముందూ నవ్వకండి. ఇవి నాకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకున్న ఖరీదు నేను కట్టలేదు, ఇంకొకరు కట్టారు.

మీకు పొగడ్తలు వస్తాయని ఆశపడకండి. మీ బల్ల కిటికీ దగ్గరకు జరగదు. నేను రిటైరైన మర్నాడే జరిపారని విన్నాను. నా తర్వాత వచ్చినాయన అడగలేదు కూడా.

నేను అడుగుతున్నది

మొదటి ఉత్తరంలో మంగతాయారు ప్రశ్ననే రాశాను. రోగి తెచ్చిన కాగితాన్ని రోగితో కూర్చుని పూర్తిగా చదవడం ఎవరి పని? రెండో ఉత్తరంలో, అది ఎవరి పనీ కాకపోతే నా పనిగా రాయండి, అదనంగా ఏమీ అడగను అని రాశాను. మూడోదానిలో, జబ్బుల గురించి తెలుగులో నాలుగు కాగితాలు రాసి ఇంటర్నెట్ సెంటర్లలో పెట్టిద్దాం, రాంబాబు ఒప్పుకున్నాడు, నేను రాసి ఇస్తాను అని రాశాను. మీలో ఎవరికైనా అవి అందలేదనిపిస్తే రసీదుల నంబర్లు చెబుతాను.

మంగతాయారు ఇప్పుడు తాటిపాకలో మిషను కుడుతోంది. నేను ఆ దారిన వెళ్తే కుట్టు ఆపి లేచి నిలబడుతుంది. "జవాబొచ్చిందాండీ బాబాయ్ గారూ?" అంటుంది. వెటకారం కాదు, నిజంగానే అడుగుతుంది. నేను వస్తుందన్నాను కదా. ఈమధ్య నేను వేరే దారిలో వెళ్తున్నాను.

నన్ను అలా వేరే దారి పట్టించినవాళ్లు ఇప్పటికీ కుర్చీల్లో ఉన్నారు. కుర్చీలు మారి ఉంటే, ఆ కుర్చీల్లోకి వచ్చినవాళ్లు ఉన్నారు. మీలో ఒక్కరు జవాబు రాయండి. మీ పని మైక్రోస్కోపు వరకే అన్న ఆ పాత మాటే రాయండి, పర్వాలేదు. తప్పు నీదే, నువ్వు చదివి ఉండాల్సింది అని రాయండి, ఒప్పుకుంటాను. ఏదో ఒకటి తెలుగులో, ఆమె చదవగలిగేలా రాయండి. కింద సంతకం ఉండాలి, ఎవరు రాశారో తెలియాలి. అది పట్టుకుని పాత దారిలోనే తాటిపాక వెళ్తాను.